వినకూడని తొమ్మిది సలహాలు

విశాఖ కూర్మన్నపాలెం కూడలిలో, గాజువాక మార్కెట్‌లో, ఉక్కునగరం సెక్టార్లలో సాయంత్రం నలుగురు కలిస్తే సలహాలకు కొదవ ఉండదు. పొగాకు గురించో క్యాన్సర్ గురించో మాట వస్తే మరీను. ఆ సలహాలు ఇచ్చేవాళ్లు మన మేలు కోరేవాళ్లే. అయినా వాటిలో కొన్ని ప్రాణాల మీదికి తెస్తాయి. మరికొన్ని ప్రభుత్వాన్ని అడగాల్సిన చోట మనల్ని మౌనంగా కూర్చోబెడతాయి. తరచూ వినబడే తొమ్మిదింటిని ఇక్కడ ఒకచోట పెట్టాను. ఏది ఎందుకు వినకూడదో, దానికి బదులు ఏం చేయాలో రాస్తున్నాను. వీటన్నిటి వెనకా నేను చెప్పదలచుకున్నది ఒకటే. క్యాన్సర్ పరిశోధనకూ పొగాకు నివారణకూ రాష్ట్ర బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు ఉండాలి. అది అడిగి సాధించుకోవాల్సింది మనమే.

1. “మా నాయనమ్మ అడ్డపొగ తాగి ఎనభై ఏళ్లు బతికింది. చుట్టకీ క్యాన్సర్‌కీ ఏటి సంబంధం?”

ఉత్తరాంధ్ర తీరంలో ఈ మాట అనని ఇల్లు అరుదు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చే ఈ అడ్డపొగ అలవాటు మన జాలరిపేటల్లో, శ్రీకాకుళం పల్లెల్లో తరాలుగా ఉంది. ఎక్కువగా ఆడవాళ్లలో. గాలికి నిప్పురవ్వలు ఎగరవనీ, చుట్ట ఎక్కువసేపు వస్తుందనీ అలా తాగుతారు. ఆ వేడీ ఆ పొగా నేరుగా తగిలేది అంగిలికి. ప్రపంచంలో చాలా చోట్ల గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు. మన దగ్గర అలా కాదు.

ఈ సంగతి కొత్తగా తేలింది కాదు. బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రి పాథాలజిస్టు వి.ఆర్. ఖానోల్కర్, సూర్యాబాయితో కలిసి 1945లో రాసిన వ్యాసంలోనే చుట్ట క్యాన్సర్ ప్రస్తావన ఉంది. 1957లో డి.జి. రెడ్డి, వి.కె. రావు కోస్తాంధ్రలో అడ్డపొగ వల్ల వచ్చే అంగిలి క్యాన్సర్ మీద పరిశోధనా వ్యాసం ప్రచురించారు. విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలకు చెందిన సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి ఇదే విషయం మీద రాసిన వ్యాసం 1974లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పత్రికలో వచ్చింది. ఈ మధ్యలో, 1971లో, డెన్మార్క్ దంతవైద్య శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థకు చెందిన మెహతా, గుప్తా తదితరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. వాళ్లలో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే.

ఒక నాయనమ్మ ఎనభై ఏళ్లు బతికితే అది ఆమె అదృష్టం. పది వేల మందిని చూస్తే తేలేది నిజం. ఎవరైనా తమ ఇంటి ముసలమ్మను సాక్ష్యంగా చూపిస్తే, ఈ పది వేల మందిని గుర్తుచేయండి. ఆ తరవాత ఇంకో మాట అడగండి. యాభై ఏళ్ల కిందటి ఆ లెక్క ఇప్పుడు ఎంతకు వచ్చింది? అలవాటు తగ్గిందా, బీడీకీ ఖైనీకీ గుట్కాకీ మళ్లిందా? తేల్చాలంటే మళ్లీ ఊరూరా తిరగాలి. అలా తిప్పించే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిది.

2. “ఈ ఊళ్లో పీల్చేదే పొగ. సిగరెట్ మానేస్తే ఒరిగేదేటి?”

ఉక్కు కర్మాగారంలో ఫర్నేసు దగ్గరో కోక్ ఓవెన్ దగ్గరో డ్యూటీ చేసి వచ్చిన మనిషి ఈ మాట అంటే కొట్టిపారేయలేం. అతని అనుమానంలో సగం నిజమే. లియోన్‌లోని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కోక్ తయారీ పనిని మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. ఇనుము, ఉక్కు పోతపోసే పనినీ, ఆస్బెస్టాస్‌నూ అదే వర్గంలో పెట్టింది. పొగాకు ఉన్నదీ ఆ వర్గంలోనే.

మిగతా సగంలోనే ప్రమాదం ఉంది. రెండు హానులు ఒకే ఊపిరితిత్తిలో కలిసినప్పుడు అవి ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. అమెరికాలో ఆస్బెస్టాస్‌తో పనిచేసే కార్మికుల మీద 1979లో వెలువడిన అధ్యయనం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. పొగతాగని, ఆస్బెస్టాస్ సోకని మనిషితో పోలిస్తే, ఆస్బెస్టాస్ ఒక్కటే సోకినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు దాదాపు ఐదు రెట్లు. సిగరెట్ ఒక్కటే తాగినవాళ్లలో దాదాపు పదకొండు రెట్లు. రెండూ ఉన్నవాళ్లలో యాభై రెట్లకు పైమాట. కాబట్టి పొగల మధ్య పనిచేసే మనిషికి సిగరెట్ మానడం వల్ల కలిగే మేలు మామూలు మనిషికన్నా ఎక్కువే. మానేసిన పదేళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు, తాగుతూనే ఉన్నవాళ్లతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోతుంది.

ఈ సలహాకు బదులుగా రెండు కోరికలు కోరాలి. మొదటిది, పనిచోట గాలి శుభ్రంగా ఉండాలి, మాస్కులు ఇవ్వాలి, పరీక్షలు సక్రమంగా జరగాలి. రెండోది, ఈ పారిశ్రామిక ప్రాంతంలో పనిచేసిన కార్మికుల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి వెన్నంటి చూసే పరిశోధన ఒకటి మొదలవ్వాలి. పర్మినెంటు ఉద్యోగితో పాటు కాంట్రాక్టు కార్మికుణ్నీ, రిటైరై సొంతూరు వెళ్లిపోయినవాణ్నీ లెక్కలోకి తీసుకోవాలి. క్యాన్సర్ బయటపడేది చాలాసార్లు ఉద్యోగం ముగిశాకే. గేటు పాసు రద్దైన రోజుతో లెక్క మూసేస్తే అసలు సంగతి ఎప్పటికీ తెలియదు.

3. “అగనంపూడిలో టాటా ఆసుపత్రి ఉంది కదా. మిగతాది ఢిల్లీ చూసుకుంటుంది.”

అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మన ప్రాంతానికి దక్కిన వరం. కేంద్ర అణుశక్తి విభాగం కింద నడిచే టాటా మెమోరియల్ సెంటర్ దాన్ని నడుపుతోంది. 2014 నుంచి అక్కడ సేవలు అందుతున్నాయి. ఉత్తరాంధ్ర నుంచే కాదు, ఒడిశా నుంచి కూడా రోగులు వస్తారు. ఆ ఏడాదే రాష్ట్రం రెండుగా విడిపోయింది. 1955 నుంచి తెలుగువాళ్లందరికీ దిక్కుగా ఉన్న ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి హైదరాబాద్‌తో పాటు తెలంగాణకు వెళ్లింది. అగనంపూడి విలువ ఎంతో అప్పుడే తెలిసింది.

అయినా ఆసుపత్రి చూసేది తన గుమ్మం దాకా వచ్చిన మనిషిని. పాడేరు కొండల్లో నోటిపుండుతో కూర్చున్న అమ్మనూ, పెదగంట్యాడలో పదిహేనో ఏట గుట్కా మొదలుపెట్టిన కుర్రాణ్నీ వెతుక్కుంటూ వెళ్లాల్సింది ప్రజారోగ్య వ్యవస్థ. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో ఆరో అంశం ప్రజారోగ్యం, ఆసుపత్రులు. అది ఢిల్లీ దయ తలచి ఇచ్చేది కాదు, రాష్ట్రానికి రాజ్యాంగం అప్పగించిన పని. ఏఎన్ఎం, ఆశా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, వైద్య కళాశాల అన్నీ రాష్ట్రం చేతిలోనివే. జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమం 2007-08లో మొదలైంది. దాన్ని జిల్లాలో బతికించేదీ చంపేదీ రాష్ట్రం పెట్టే సిబ్బంది, రాష్ట్రం పెట్టే శ్రద్ధ.

ఢిల్లీ వంతు ఢిల్లీని అడగండి. అమరావతి వంతు మాత్రం అమరావతినే అడగండి.

4. “ఉన్న డబ్బు వైద్యానికి పెట్టమనండి. పరిశోధన అమెరికావాళ్ల పని.”

తొమ్మిదింటిలో నాకు ఎక్కువ బాధ కలిగించే సలహా ఇది. మనవాళ్ల చరిత్ర మనకే తెలియక ఇచ్చే సలహా.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లారు. ఆ ప్రయాణానికి మామగారి సాయంతో పాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండ ఉంది. తరవాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. కొందరిలో వ్యాధి తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. 1948లో ప్రకటించిన ఆ ఫలితంతో మందులతో క్యాన్సర్ చికిత్స చేసే కొత్త దారి తెరుచుకుంది. ఆ వరసలోనే వచ్చిన మెథోట్రెక్సేట్‌ను ఈ రోజుకీ క్యాన్సర్ వార్డుల్లో వాడుతున్నారు. కాకినాడలో ఒక దాత పెట్టిన డబ్బు ఎక్కడెక్కడి పిల్లల ప్రాణాలకు అండగా నిలిచిందో చూడండి. పరిశోధన మన పని కాదనే మాట సుబ్బారావు పుట్టిన నేల మీద చెల్లదు.

పరిశోధన అంటే కోట్ల రూపాయల యంత్రాలే అనుకోవడం ఇంకో పొరపాటు. మన శ్రీకాకుళం జిల్లాతో పాటు కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్లతో చేసిన అధ్యయనం 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అందులో వాడిన సాధనాలు ఏమిటంటే, ఇంటికి వెళ్లి మనిషితో మాట్లాడటం, నోరు పరీక్షించడం, సినిమా వేసి చూపించడం, రేడియోలో పత్రికల్లో చెప్పించడం. ఆ మాటలు విన్నవాళ్లలో ఎక్కువమంది అలవాటు మానేశారు లేదా తగ్గించారు. క్యాన్సర్‌కు ముందు వచ్చే తెల్లమచ్చలు కూడా తగ్గాయి. తెలుగులో, తెలుగు పల్లెలో, నివారణ పనిచేస్తుందని రుజువైంది. ఆ పరిశోధనల వెనక అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిధుల తోడ్పాటు ఉంది. మన అమ్మల నోటి ఆరోగ్యం గురించి తెలుసుకోవడానికి ఖర్చు పెట్టింది పరాయి దేశం. ఇప్పుడైనా ఆ ఖర్చు మన రాష్ట్రం పెట్టుకోవాలి.

పెట్టమని అడగాల్సినవి గాలిలో మేడలేమీ కావు. ఉత్తరాంధ్ర జిల్లాలన్నిటిలో ప్రతి కొత్త క్యాన్సర్ కేసునూ, ఊరుతో వయసుతో అలవాటుతో సహా నమోదుచేసే రిజిస్ట్రీ. అడ్డపొగ మీద, గుట్కా మీద తాజా సర్వే. కార్మికుల మీద దీర్ఘకాల అధ్యయనం. పొగాకు మాన్పించే పద్ధతుల్లో మన జనం దగ్గర ఏది బాగా పనిచేస్తుందో తేల్చే పరీక్షలు. వీటికి కావలసిన వైద్యులు ఆంధ్ర వైద్య కళాశాలలో ఉన్నారు, అగనంపూడిలో ఉన్నారు. గణాంకాలు తెలిసినవాళ్లు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉన్నారు. లేనిదల్లా ఏడాది తరవాత ఏడాది ఆగకుండా వచ్చే నిధి.

5. “పొగాకు మీద పన్ను రాకపోతే ఖజానా ఏమైపోతుంది? రైతు ఏమైపోతాడు?”

ఈ రెండు ప్రశ్నలకూ విడివిడిగా జవాబు చెప్పాలి.

ముందు ఖజానా. 2017-18లో పొగాకు జబ్బులూ అకాల మరణాల వల్ల దేశానికి జరిగిన నష్టం 1,77,341 కోట్ల రూపాయలని ఒక అధ్యయనం లెక్కగట్టింది. ముప్పై ఐదేళ్లు దాటినవాళ్ల లెక్క మాత్రమే ఇది. దేశ స్థూల ఉత్పత్తిలో ఒక శాతానికి పైనే. ఎక్సైజ్ పన్నుగా ప్రభుత్వానికి వచ్చే ప్రతి వంద రూపాయలకూ సమాజం మోసే నష్టం 816 రూపాయలని కూడా అదే అధ్యయనం తేల్చింది. వంద తీసుకుని ఎనిమిది వందలు పోగొట్టుకునే వ్యాపారాన్ని ఆదాయం అనకూడదు. పైగా 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటి నుంచి, ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ దాకా, పేదల క్యాన్సర్ చికిత్సకు బిల్లు కడుతున్నది రాష్ట్ర ఖజానాయే. జబ్బు ముదిరాక ఆపరేషన్‌కూ రేడియేషన్‌కూ కీమోకూ కట్టే ప్రభుత్వానికి, జబ్బు రాకుండా చూడటం కంటే పెద్ద పొదుపు ఇంకేముంది?

ఇక రైతు. పొగాకు పంటకు పరిశోధన లేకపోలేదు. రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ 1947లోనే వెలిసింది. గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు 1976 నుంచి ఉంది. పంట ఎలా పండించాలో, ఎలా అమ్మాలో చూడటానికి ఇంత ఏర్పాటు జరిగితే, ఆ పంట వల్ల వచ్చే జబ్బు మీద కూడా అంత శ్రద్ధ ఉండాలి కదా. ప్రకాశం, నెల్లూరు, గోదావరి జిల్లాల్లో పండే వర్జీనియా పొగాకులో పెద్ద భాగం విదేశాలకు ఎగుమతి అవుతుంది. విశాఖ కుర్రాడు ఖైనీ మానేస్తే ఆ రైతు రోడ్డున పడడు. దేశం 2004లో ఆమోదించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒడంబడికలో పదిహేడో అధికరణం పొగాకు రైతుకూ కూలీకీ ప్రత్యామ్నాయ జీవనోపాధి చూపాలనే చెబుతోంది. రైతును నిలబెట్టే పరిశోధన కూడా ఈ పద్దులోనే అడగవచ్చు.

డబ్బు ఎక్కడిదంటారా, దారి చూపినవాళ్లు ఉన్నారు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 1987లో పొగాకు మీది రుసుముతో ఆరోగ్య సంస్థ పెట్టి, క్రీడలకు పొగాకు కంపెనీలు ఇచ్చే ప్రాయోజక సొమ్ము స్థానంలో ఆ నిధినే పెట్టింది. అమెరికాలో కాలిఫోర్నియా ఓటర్లు 1988లో సిగరెట్ పెట్టె మీద పాతిక సెంట్లు పన్ను పెంచుకుని, అందులో కొంత వాటాను నివారణ ప్రచారానికీ పరిశోధనకూ చట్టంలోనే కట్టిపెట్టారు. థాయిలాండ్ 2001లో మద్యం, పొగాకు ఎక్సైజ్ మీద రెండు శాతం అదనపు సుంకంతో ఆరోగ్య ప్రోత్సాహక నిధి నెలకొల్పింది. మన దగ్గర రాష్ట్రంలో అమ్ముడయ్యే పొగాకు మీది జీఎస్టీలో సగం రాష్ట్రానిదే. ఆ సగంలో ఒక స్థిరమైన వాటా పరిశోధనకూ నివారణకూ అని రాసిపెట్టమంటే అది కొత్త భారం కాదు. పొగాకు నుంచి వచ్చిన డబ్బును పొగాకు చేసిన గాయం దగ్గరికి పంపడమే.

6. “మే 31న ఒక ర్యాలీ, ఒక బ్యానరు, పిల్లలతో ఒక ప్రతిజ్ఞ. చాలు.”

పొగాకు వ్యతిరేక దినం జరపండి, మంచిదే. మిగతా రోజులన్నీ బడ్డీ కొట్టు తెరిచే ఉంటుందని మాత్రం మరవకండి. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం ప్రకారం విద్యాసంస్థకు వంద గజాల లోపల పొగాకు అమ్మకూడదు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు ఎక్కడా అమ్మకూడదు. బహిరంగ ప్రదేశాల్లో పొగతాగితే రెండు వందల రూపాయల దాకా జరిమానా ఉంది. పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలి. బీడీ, సిగరెట్లను విడిగా ఒక్కోటి అమ్మితే ఆ హెచ్చరిక కొనేవాడి కంటికే పడదు.

చట్టం అమలుకు మనుషులు కావాలి, వాళ్లకు జీతాలు కావాలి. జిల్లాలో పొగాకు నియంత్రణకు పూర్తికాలం సిబ్బంది ఎంతమంది, గత ఏడాది ఎన్ని తనిఖీలు జరిగాయి, ఎంత ఖర్చయింది అని అడగండి. మీ పిల్లల బడి గేటు నుంచి దగ్గరలోని బడ్డీ దాకా దూరం కొలిచి, ఫొటోతో సహా నగరపాలక సంస్థ జీవీఎంసీకీ పోలీసులకూ రాతపూర్వకంగా ఇవ్వండి. బడ్డీ నడిపేవాళ్లు కూడా పేదవాళ్లే. వాళ్ల కొట్టు ఎత్తేయమని కాదు, వేరే సరుకు అమ్ముకునేలా సాయం చేయమని ఆ కాగితంలోనే రాయండి.

7. “నోట్లో పుండే కదా, పసుపూ తేనే రాసి రెండు నెలలు చూడు.”

చూడకండి. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లమచ్చ, ఎర్రమచ్చ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, కారణం తెలియకుండా రక్తం రావడం, మెడలో గడ్డ, వీటిలో ఏది కనబడినా వెంటనే వైద్యుడికో దంతవైద్యుడికో చూపించండి. పొగాకు వాడేవాళ్లు ఇంకా త్వరపడాలి. వక్క కూడా సొంతంగా క్యాన్సర్ కలిగించేదే కాబట్టి, పొగాకు లేని పాన్ మసాలా అయితే ఫరవాలేదన్న మాట నమ్మకండి.

తొందరగా చూపిస్తే ఏమవుతుందో కేరళవాళ్లు లెక్కతో తేల్చారు. తిరువనంతపురం ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థతో కలిసి 1996లో ఒక పెద్ద పరీక్ష మొదలుపెట్టింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోరు కంటితో చూసి పరీక్షించారు. 2005లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, పొగాకు లేదా మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. దానికి కావలసింది వెలుతురు, శిక్షణ పొందిన కన్ను, వెనక రిఫరల్ వ్యవస్థ. మన రాష్ట్రంలో కూడా నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల కోసం ఇంటింటి పరీక్షలు 2024 నవంబరులో మొదలయ్యాయి. ఏఎన్ఎం అమ్మ మీ ఇంటికి వస్తే తలుపు తీయండి, నోరు తెరవండి. అనుమానం ఉన్నవాళ్లను ఆసుపత్రిదాకా చేర్చే ఏర్పాటుకూ, ఫలితాలను విశ్లేషించే పరిశోధనకూ నిధులు ఆగకూడదని అడగండి.

8. “మనసు గట్టిదైతే ఒక్క రోజులో మానొచ్చు. దానికి సర్కారు సాయమెందుకు?”

ఈ సలహా మానలేకపోయిన మనిషికి సిగ్గును మిగులుస్తుంది. నికోటిన్ మెదడును బానిస చేసుకునే పదార్థం. చాలామంది ఎన్నోసార్లు ప్రయత్నించాకే మానగలుగుతారు. 2016-17 ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెద్దవాళ్లలో నూటికి ఇరవై మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. దేశ సగటు 28.6 శాతం. అంటే మన దగ్గర ప్రతి ఐదుగురిలో ఒకరికి సాయం కావాలి. కౌన్సెలింగ్, నికోటిన్ చూయింగ్ గమ్, అవసరమైతే వైద్యుడు రాసే మందులు కలిస్తే మానే అవకాశం పెరుగుతుంది. 1800-11-2356 జాతీయ క్విట్‌లైన్‌కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఇదే సాయం మన ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, షిఫ్టు దిగి వచ్చే వేళల్లో, పారిశ్రామిక వాడల్లో దొరకాలంటే రాష్ట్రం ఖర్చు పెట్టాలి.

ఎవరైనా పొగాకు కంపెనీ డబ్బుతో ఆరోగ్య శిబిరం పెడదామని సలహా ఇస్తే మర్యాదగా వద్దనండి. ప్రజారోగ్య విధానంలో పొగాకు పరిశ్రమ జోక్యం ఉండకూడదని పొగాకు నియంత్రణ ఒడంబడిక అయిదో అధికరణం స్పష్టంగా చెబుతోంది. ప్రజల ఆరోగ్యానికి ప్రజల డబ్బే వాడాలి.

9. “మనం అడిగితే ఇచ్చేస్తారా?”

ఈ మాట ఇంకెక్కడన్నా చెల్లుతుందేమో గానీ, ఉక్కునగరంలో చెల్లదు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని అడిగినందుకే ఈ ఊరు పుట్టింది. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న పార్లమెంటులో ప్రకటన వచ్చింది. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. అడగడం మొదలైన రోజు నుంచి అందుకున్న రోజు దాకా ఇరవై ఆరేళ్లు. పల్లెలకు పల్లెలే భూములిచ్చి నిర్వాసితులయ్యాయి. అంతటి కర్మాగారాన్ని అడిగి తెచ్చుకున్నవాళ్లకు బడ్జెట్‌లో ఒక పద్దు అడగడం కష్టమా?

అడిగే పద్ధతి ఇది. ముందు వివరాలు తెప్పించుకోండి. సమాచార హక్కు చట్టం కింద, పది రూపాయల రుసుముతో, వైద్య ఆరోగ్య శాఖను మూడు ప్రశ్నలు అడగండి. గత మూడేళ్లలో పొగాకు నివారణకు రాష్ట్రం తన వాటాగా ఎంత కేటాయించింది? అందులో ఎంత ఖర్చయింది? ప్రభుత్వ వైద్య కళాశాలల్లో క్యాన్సర్ పరిశోధనకు ఎంత ఇచ్చింది? ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఆ జవాబు చేతికొచ్చాక కోరికలను ఒక్క పేజీలో రాయండి. పొగాకు జీఎస్టీలో రాష్ట్ర వాటా నుంచి స్థిరమైన శాతంతో నిధి. ఆ నిధి నుంచి రిజిస్ట్రీకి, సర్వేకు, కార్మికుల అధ్యయనానికి, మాన్పించే కేంద్రాలకు ఏటా కేటాయింపు. ఖర్చు వివరాలు ఏటా ప్రజల ముందు పెట్టడం. ఇంతకు మించి రాయకండి. పేజీ పెరిగితే చదివేవాళ్లు తగ్గుతారు.

దాన్ని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. గాజువాక శాసనసభ్యుడికీ, మీ కార్పొరేటర్‌కూ ఇచ్చి, సభలో ప్రశ్నగా అడగమని కోరండి. కార్మిక సంఘాలు జీతాల కోసం, బోనస్ కోసం ఇచ్చే డిమాండ్ల పట్టికలో దీన్ని కూడా ఒక అంశంగా చేర్చమనండి. నిర్వాసితుల సంఘాలు, మహిళా స్వయం సహాయక సంఘాలు, జాలరిపేటల పెద్దలు, దంతవైద్యులు, రోగుల కుటుంబాలు ఒకే కాగితం మీద సంతకాలు చేస్తే దాని బరువు వేరు. బడ్జెట్ సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది. శాఖల ప్రతిపాదనలు అంతకు ముందే తయారవుతాయి. కాబట్టి కాగితం దసరా, దీపావళి రోజుల్లోనే చేరాలి. ఒక ఏడాది రాకపోతే మరుసటి ఏడాది మళ్లీ ఇవ్వండి.

అంగిలి క్యాన్సర్ గురించి ఈ తీరం నుంచి ప్రపంచానికి తెలిసి ఎనభై ఏళ్లు. నివారణ పనిచేస్తుందని మన శ్రీకాకుళం పల్లెల్లోనే తేలి దాదాపు నలభై ఏళ్లు. తెలియక ఆగిన పని కాదిది, డబ్బు కేటాయించక ఆగిన పని. ఈ తొమ్మిది సలహాల్లో ఏది మీ చెవిన పడినా అక్కడే ఆపి జవాబు చెప్పండి. తరవాత ఆ ఒక్క పేజీ రాసి, మీ సంతకంతో పాటు ఇంకో పదిమంది సంతకాలు తీసుకుని, వచ్చే బడ్జెట్ లోపల పంపండి.